చెప్పులే వేసుకెళ్ళు

రాత్రి రెండూ పద్నాలుక్కి
హార్బర్ ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు దింపుతుంటే
జేబులో ఫోను రెండుసార్లు కొట్టుకుంది.
చేతి తొడుగు పళ్ళతో లాగి చూశాను.
"అన్నా, మీకూ అదేనట కదా."

అదే.
రిపోర్టులో దానికో సంస్కృతం పేరుంది, వృషణమని.
మా వీధిలో ఉన్న పేరు తిట్లలో తప్ప పలకరు.
ఆ రెండిటి మధ్య మాట నీకింకా దొరకలేదు.
నాకూ ఏడాది పట్టింది, బావు.
అందాకా "అదే" అనే అందాం.

నువ్వెవరో తెలీదు.
మొహం ఉండాల్సిన చోట ఒక క్రికెట్ బ్యాటు,
వెనక ఎవరిదో మేడ మీద ఆరేసిన దుప్పటి.
ఇరవై మూడేళ్ళని రాశావు,
చెరిపేసి ఇరవై నాలుగన్నావు,
ఆ ఏడాది ఏదో లెక్కకొస్తుందన్నట్టు.

ఇంట్లో హెర్నియా అని చెప్పావట.
నేను గజ్జల్లో కురుపని చెప్పాను.
నాలుగు నెలలు
స్నానాల గది గడియ వేసుకుని
సబ్బు చేత్తో అదే చోట, అదే గట్టి గింజ,
శనగగింజంత, తర్వాత ఉసిరికాయంత.
నొప్పి లేదు కాబట్టి జబ్బు కాదనుకున్నాను.
నొప్పి లేకపోవడమే దాని తెలివి.

మా నూకరత్నానికి తెలిసిన రాత్రి
ఏడవలేదు. కొట్టింది.
తడి తువ్వాలుతో వీపు మీద రెండు దెబ్బలు,
"ఎన్నాళ్ళు దాచినావు నా దగ్గర" అని.
పొయ్యి మీద కవ్వళ్ళ పులుసు మాడిపోతుంటే
ఇద్దరం అలాగే చూస్తూ నిల్చున్నాం.

నువ్వు రాస్తున్నావని చూపిస్తోంది.
ఆగింది.
మళ్ళీ రాస్తున్నావు.
దిమ్మ మీంచి పొగలాంటి చలి లేస్తోంది.
సూపర్‌వైజర్ సన్యాసప్పడు కేకలేస్తున్నాడు,
లారీ కాకినాడ వెళ్ళాలట, మంచు కరిగిపోతుందట.
కరగనీ.

నీకు చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి.
కోత కింద ఉండదు, గజ్జ పక్కన, వేలెడంత.
మందు ఎక్కించే ముందు డాక్టరమ్మని
పిల్లల సంగతి నువ్వే అడుగు,
సిగ్గుపడితే ఆ తలుపు మూసుకుపోవచ్చు.
చిన్న డబ్బా ఇచ్చి ఓ గదిలోకి పంపుతారు.
గోడ మీద క్యాలెండర్లో సింహాద్రి అప్పన్న ఉన్నాడు నాకు,
క్షమించు సామీ అని గోడవైపు తిప్పాను.
తర్వాత తర్వాత నీళ్ళు కూడా ఇనుప రుచి.
కనుబొమ్మలు రాలాక అద్దంలో ఎవరో కోడిగుడ్డు మొహం.
"ఇంకా మగాడివేనా" అని
ఎవరూ అడగరు. నిన్ను నువ్వే అడుక్కుంటావు,
కంచరపాలెం గేటు దగ్గర
రైలు పోయేదాకా ఆగినప్పుడల్లా.
జవాబు నా దగ్గర లేదు.
గేటు మాత్రం ఎత్తుతారు.

ఒకటి చెప్పను.
నాకూ ఇలాగే రాత్రుళ్ళు రాసినాయన ఒకడున్నాడు.
ఊరు రాజాం అన్నాడు, పేరు నేనడగలేదు.
పదకొండు నెలలు.
ఒక ఆదివారం నుంచి
నేను పంపినవి నీలంగా మారడం మానేశాయి.
నంబరు మార్చుకున్నాడు.
నంబరు మార్చుకున్నాడనే అనుకుంటాను.
పండగలకి ఇప్పటికీ ఒక దండం బొమ్మ పంపుతాను.

చాలామంది బయటపడతారని డాక్టరమ్మ చెప్పే ఉంటుంది.
నిజమే. ఆ "చాలామంది"లో
ఈ రాత్రి నువ్వు పట్టవు. తెలుసు.

మళ్ళీ రాస్తున్నావు.
చావు గురించి అడుగుతావనుకుని
గోడకి ఆనుకుని నిల్చున్నాను,
జవాబులు వరసగా పేర్చుకుని.

"అన్నా, ఎల్లుండి ఆసుపత్రికి
షూసా, చెప్పులా?"

లారీ హారను. డాల్ఫిన్ నోస్ మీద
లైటు ఒకసారి తిరిగింది. ఎక్కడో కుక్క.
నవ్వొచ్చింది. ఆ వెనకే ఇంకేదో వచ్చింది,
మంచు తొడుగుతో తుడుచుకుంటే బుగ్గ మంటెక్కింది.

చెప్పులే వేసుకెళ్ళు, అని రాశాను.
నాలుగు రోజులు వంగలేవు.
లుంగీ పట్టుకెళ్ళు, ఛార్జరు మర్చిపోకు,
ఆ వార్డులో కిటికీ పక్క మంచం దగ్గర ప్లగ్గొక్కటే
సరిగ్గా పనిచేస్తుంది.